నాన్నగారికి ఇంట్లో ఆక్సిజన్, వీల్‌చైర్: మెడికేర్ ఎంతవరకు ఇస్తుంది?

ఫ్రిస్కో_పెద్దకొడుకు

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాన్నగారికి 74 ఏళ్లు. గ్రీన్ కార్డు మీద వచ్చి ఐదేళ్లు నిండాక మెడికేర్ (65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా)లో పార్ట్ బి, అంటే డాక్టర్లు, పరికరాల భాగం, తీసుకున్నాం. ప్రభుత్వం నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేరే, ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ కాదు. మెడికేర్ కట్టని వాటా చూసుకునే మెడిగ్యాప్ పాలసీ తీసుకోలేదు. తెనాలిలో ఉన్నప్పటి నుంచే ఆయనకు సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉంది. పోయిన వారం నిమోనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. శుక్రవారం డిశ్చార్జ్ చేస్తాం, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాలి అంటున్నారు. డిశ్చార్జ్ ఏర్పాట్లు చూసే కేస్ మేనేజర్ ఒక కంపెనీ పేరు చెప్పి, వాళ్లే ఫోన్ చేస్తారన్నారు. ఇంతవరకు ఫోన్ లేదు.

ఆక్సిజన్ మెషీన్ కొనాలా, అద్దెకా? ఎంత పడుతుంది? గుడికీ ఇండియన్ స్టోర్‌కీ తీసుకెళ్లడానికి వీల్‌చైర్ ఇస్తారా? బాత్రూంలో కూర్చునే కుర్చీ, గోడకు బిగించే, పట్టుకునే కడ్డీలు మెడికేర్‌లో వస్తాయా? డిసెంబరులో హైదరాబాదులో మేనకోడలి పెళ్లి ఉంది, ఆయన వెళ్లాల్సిందేనని ఒకటే పట్టు. ఈ మెషీన్ పట్టుకుని విమానం ఎక్కొచ్చా?

ఇక్కడ ఎవరైనా ఈ దారి నడిచి ఉంటే చెప్పండి. మా ఆవిడకూ నాకూ నిద్ర లేదు.

బిల్లింగ్_బాబాయ్

బాబూ, కంగారు పడకు. నేను చికాగో దగ్గర ఇలాంటి సామాను సప్లై చేసే ఆఫీసులో బిల్లింగ్ చూసి రిటైరయ్యాను. వరసగా చెబుతా.

ఇంట్లో వాడే వైద్య పరికరాలు పార్ట్ బి కిందకు వస్తాయి. ఏటా ముందు డిడక్టిబుల్, అంటే మెడికేర్ ఇవ్వడం మొదలుపెట్టేముందు మన జేబులోంచి పోయేది, కట్టాలి, 2026లో అది 283 డాలర్లు. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి డాక్టర్ల బిల్లులతోనే అది తీరిపోయి ఉంటుంది. ఆ తర్వాత మెడికేర్ ఒప్పుకున్న ధరలో 80 శాతం వాళ్లది, 20 శాతం మీది. మెడిగ్యాప్ ఉంటే ఆ 20 శాతం అది చూసుకునేది.

ఆక్సిజన్ మెషీన్ కొనడమనేది మెడికేర్‌లో లేదు. 36 నెలలు అద్దె. ఆ అద్దెలోనే ట్యూబులు, ముక్కుకు పెట్టే కాన్యులా, రిపేర్లు అన్నీ కలిసి ఉంటాయి. 36 నెలలు అయ్యాక అద్దె ఆగిపోతుంది కానీ మెషీన్ మీది కాదు. అవసరం ఉన్నంతవరకు అదే కంపెనీ ఇంకో 24 నెలలు మెషీన్‌ను మీ ఇంట్లోనే ఉంచి, బాగోగులు చూడాలి. మొత్తం ఐదేళ్లు. మధ్యలో మీరు ఊరు మారితే, అక్కడ ఇంకో సప్లయర్‌ను కుదిర్చే బాధ్యత కూడా వాళ్లదే. ఈ చివరి ముక్క చాలా కంపెనీలు తమంతట తాము చెప్పవు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కంపెనీ ఫోన్ చేయగానే "మీరు మెడికేర్‌లో ఎన్‌రోల్ అయ్యారా? అసైన్‌మెంట్ ఒప్పుకుంటారా?" అని అడుగు. అసైన్‌మెంట్ అంటే మెడికేర్ ఒప్పుకున్న ధరకే సరేననడం. మొదటి దానికి కాదంటే మెడికేర్ పైసా ఇవ్వదు. రెండో దానికి కాదంటే వాళ్లు ఎంత అడిగినా అడగొచ్చు. డాక్టర్లకు ఇంతకు మించి వసూలు చేయకూడదని ఒక హద్దు ఉంది, పరికరాలు అమ్మేవాళ్లకు ఆ హద్దు లేదు. రెండింటికీ అవునన్న కంపెనీయే కావాలని కేస్ మేనేజర్‌ను గట్టిగా అడుగు. ఆమె చెప్పిన కంపెనీయే తీసుకోవాలని రూలేం లేదు.

కృష్ణాతీరం_అట్లాంటా

ఇంత తతంగం ఎందుకు బ్రదర్? ఫారాలు, ఫ్యాక్సులు, "మీ కాల్ మాకు ముఖ్యం" అనే పాటలు. మా మామగారికి ఆన్‌లైన్‌లో చిన్న పోర్టబుల్ మెషీన్ కొనేశాం, భుజానికి తగిలించుకుని తిరుగుతున్నారు. వీల్‌చైర్ అయితే రెండు వందల డాలర్ల లోపే ఇంటికి వస్తుంది. డబ్బులు పోతే పోయాయి, టెన్షన్ ఉండదు.

నర్సక్క_హ్యూస్టన్

తమ్ముడూ, మామగారికి సరిపోయింది, సంతోషం. అందరికీ అలా కుదరదు. ఆ భుజాన వేసుకునే మెషీన్లు చాలావరకు పల్స్ పద్ధతిలో పనిచేస్తాయి, అంటే ఊపిరి లోపలికి పీల్చినప్పుడే కాస్త ఆక్సిజన్ వదులుతాయి. కొందరికి, ముఖ్యంగా నిద్రలో నోటితో గాలి పీల్చేవాళ్లకు, అది చాలదు. నిరంతరం వదిలే పెద్ద మెషీన్ కావాలి. అమెరికాలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌కు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఈ మెషీన్‌కు) డాక్టర్ ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ప్రిస్క్రిప్షన్ అడక్కుండా చవగ్గా అమ్మేవి రోగులకు పనికొచ్చేవి కావు.

ఫ్రిస్కో తమ్ముడూ, డిశ్చార్జ్ ముందు ఒక్క పని చేయించు. మెడికేర్ ఆక్సిజన్ ఇవ్వాలంటే రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందన్న రీడింగ్ చార్టులో ఉండాలి. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు ఆక్సిజన్ లేకుండా 88 శాతం, లేదా అంతకన్నా తక్కువ చూపించాలి. కూర్చుంటే బాగానే ఉండి నడిస్తే పడిపోయే వాళ్లకు మూడు రీడింగులు కావాలి: ఆక్సిజన్ లేకుండా కూర్చున్నప్పుడు, ఆక్సిజన్ లేకుండా నడిచినప్పుడు, ఆక్సిజన్ పెట్టుకుని నడిచినప్పుడు. మూడోదాంట్లో అంకె మెరుగుపడినట్టు కనిపించాలి. మూడూ ఒకే విడతలో చేయాలి. మా వార్డులో రోజూ చూస్తాను, పేషెంట్ ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడతాడు, కాగితం మీద మాత్రం మూడో అంకె రాసి ఉండదు. శుక్రవారం సాయంత్రం సప్లయర్ "క్వాలిఫై కాలేదు" అంటాడు. రేపు పొద్దున రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టర్‌నో, రెస్పిరేటరీ థెరపిస్ట్‌నో "నడిపించి చూశారా, రాశారా" అని అడుగు.

ఇంటికి దారిలో వాడుకోవడానికి చిన్న సిలిండర్ ఆసుపత్రి గదికే రావాలి. పెద్ద మెషీన్ మీరు వెళ్లేసరికి ఇంట్లో ఉండాలి. అవి వచ్చాయని తెలిసేదాకా మంచం దిగనివ్వకు.

ఇంకో మాట, ఇది మనవాళ్ల ఇళ్లకే ప్రత్యేకం. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి దగ్గర మంట ఉండకూడదు. దీపం, అగరుబత్తి, హారతి, గ్యాస్ స్టవ్, అన్నీ మంటే. మొన్న ఒకరింటికి వెళితే మెషీన్‌ను చక్కగా దేవుడి గది తలుపు పక్కనే పెట్టారు, లోపల ఒత్తులు వెలుగుతున్నాయి, ట్యూబు గడప మీదుగా పోతోంది. పెద్దాయన కుర్చీ పూజ గదికి పది అడుగులకు తగ్గకుండా వేయండి. పోపు పెట్టేటప్పుడు వంటింట్లోకి రానివ్వకండి. ముక్కు ఎండిపోతోందని వాసెలిన్ రాస్తారు, అదీ వద్దు, నీటితో చేసిన జెల్ వాడాలి.

ఫ్రిస్కో_పెద్దకొడుకు

అక్కా, మీకు దండం. అమ్మకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఎలక్ట్రిక్ దీపం పెడితే దోషమా?" దానికి జవాబు నా దగ్గర లేదు. 😅

బాబాయ్ గారూ, వీల్‌చైర్ సంగతి?

బిల్లింగ్_బాబాయ్

అదే చెప్పబోతున్నా. నీ మొదటి పోస్టులో "గుడికీ స్టోర్‌కీ" అని రాశావు చూడు, ఆ మాట డాక్టర్ నోట్స్‌లో పడిందంటే క్లెయిమ్ అక్కడితో సరి.

మెడికేర్ లెక్కలో ఇది ఇంటి సామాను. ఇంట్లో మంచం నుంచి బాత్రూంకి వెళ్లడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, భోజనం దగ్గరికి రావడం, ఇవి చేతికర్రతో గానీ వాకర్‌తో గానీ కుదరడం లేదా, అన్నదే చూస్తారు. కుదరడం లేదని డాక్టర్ స్పష్టంగా రాస్తే మామూలు వీల్‌చైర్‌కు 13 నెలల అద్దె ఇస్తారు, ఆ తర్వాత అది మీదే అవుతుంది. ఆయన చేతులతో తోసుకోగలగాలి, లేదా తోసే మనిషి ఇంట్లో ఉండాలి. ఇంటి తలుపులు, నడవ వెడల్పు కూడా చూస్తారు. ఇంట్లో వాకర్‌తో తిరగగలిగి, బయట దూరాలు మాత్రమే నడవలేకపోతే ఇవ్వరు.

కాబట్టి కృష్ణాతీరం చెప్పినదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటా. బయటికి వెళ్లడానికే అయితే తేలికపాటి కుర్చీ సొంతంగా కొనుక్కోండి, మెడికేర్‌తో కుస్తీ అనవసరం. ఆక్సిజన్ మాత్రం సొంతంగా కొనకండి. నెలల తరబడి నడిచే ఖర్చు అది, రిపేరు వస్తే మళ్లీ మీ నెత్తిన పడుతుంది. ముందు కొనేసి తర్వాత రసీదు పంపితే మెడికేర్ ఇస్తుందనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. ఎన్‌రోల్ కాని దుకాణం రసీదుకు విలువ లేదు.

బాత్రూం కుర్చీ, పట్టుకునే కడ్డీలు, ఎత్తు పెంచే టాయిలెట్ సీటు, మెట్ల లిఫ్టు, డైపర్లు: ఇవేవీ రావు. "సౌకర్యం" కిందకు తోసేస్తారు. పెద్దవాళ్లు జారిపడేదేమో ఎక్కువగా బాత్రూంలోనే! ఇరవై ఏళ్లు ఆ సీట్లో కూర్చున్నా నాకు ఈ లాజిక్ మింగుడుపడలేదు.

నర్సక్క_హ్యూస్టన్

బాబాయ్ గారు చెప్పినదానికి రెండు చేరుస్తా. పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ వేరు, అది వస్తుంది, కానీ పేషెంట్ ఉండే అంతస్తులో టాయిలెట్ లేకపోవడమో, గది దాటి బయటకు రాలేకపోవడమో ఉండాలి. మీ ఇల్లు రెండంతస్తులా? కింద టాయిలెట్ ఉందా?

హాస్పిటల్ మంచం కూడా ఉంది. ఊపిరితిత్తుల జబ్బు వల్లో గుండె బలహీనత వల్లో ఎక్కువసేపు తల వైపు 30 డిగ్రీలకు పైగా ఎత్తి పడుకోవాల్సి వస్తే మెడికేర్ ఇస్తుంది. దిళ్లు పెట్టి చూశారా, ఎందుకు చాలలేదు అన్నది నోట్స్‌లో ఉండాలి. తల, కాళ్లు మాత్రం కరెంటుతో లేచే రకం ఇస్తారు. మంచం ఎత్తు కూడా బటన్‌తో మారేది కావాలంటే తేడా మీరు కట్టుకోవాలి.

ఎడిసన్_కోడలు

మా అత్తయ్యగారి వీల్‌చైర్ అనుభవం చెప్తాను, ఉపయోగపడొచ్చు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, దానికి తోడు షుగర్ వల్ల పాదాలు తిమ్మిరి. డాక్టర్ నోట్స్‌లో "ఎక్కువ దూరాలకు వీల్‌చైర్ వాడతారు" అని ఒక్క లైను ఉంది. క్లెయిమ్ తిప్పికొట్టారు.

మా ఆయన ఆ డినయల్ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, "ఇంట్లో ఏం జరుగుతుందో అడగండి, రాయండి" అన్నారు. ఆయన అత్తయ్యగారిని అక్కడే వాకర్‌తో నడిపించారు. పరీక్ష గదిలోంచి కారిడార్‌లోకి వచ్చేసరికే ఆమె గోడకు ఆనుకుని "బాబూ, ఇక నా వల్ల కాదు" అన్నారు. ఈసారి నోట్స్‌లో ఎన్ని అడుగులు నడిచారు, ఎక్కడ ఆగారు, రాత్రిపూట బాత్రూంకి వెళ్తూ ఎన్నిసార్లు పడ్డారు, చేతికర్ర ఎందుకు చాలలేదు, అన్నీ ఉన్నాయి. అప్పీల్‌లో ఒప్పుకున్నారు. డినయల్ నోటీసు అందాక మొదటి అప్పీల్‌కు 120 రోజుల గడువు ఉంటుంది, ఫీజేమీ లేదు. అక్కడ కాదన్నా పైన ఇంకా నాలుగు మెట్లు ఉన్నాయి.

మనవాళ్లతో వచ్చే చిక్కేంటంటే, డాక్టర్ "ఎలా ఉన్నారు?" అనగానే "ఐ యామ్ ఫైన్" అంటారు. అత్తయ్యగారు కూడా అంతే, నవ్వుతూ "ఆల్ గుడ్". ఇంటికొచ్చి సోఫాలో కూలబడతారు. ఆ "ఆల్ గుడ్" కాస్తా చార్టులోకి ఎక్కుతుంది. అందుకే అపాయింట్‌మెంట్‌కి ఇంట్లో రోజూ చూసే మనిషి వెళ్లాలి.

మల్కాజిగిరి_మాస్టారు

పిల్లలందరికీ ఆశీస్సులు. నేను కేంద్ర ప్రభుత్వ పెన్షనర్‌ని, హైదరాబాదులో సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు ఉంది. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది కాబట్టి ఈ చర్చలు చదువుతుంటాను. మా దగ్గర పద్ధతి తలకిందులు. స్పెషలిస్టు సిఫారసు రాయించుకుని, అనుమతి తీసుకుని, మెషీన్ మనమే కొని, బిల్లు పెట్టుకుంటే ప్రభుత్వం నిర్ణయించిన ధర మేరకు డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ వచ్చేదాకా చేతి డబ్బు ఉండాలి. ఆరోగ్యశ్రీ అంటారా, అది ప్రధానంగా ఆసుపత్రిలో జరిగే చికిత్స కోసం పెట్టింది.

పెళ్లికి వస్తున్నారన్నారు. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇక్కడ కరెంటు 230 వోల్టులు. అక్కడి పెద్ద మెషీన్ 120 వోల్టులది, తెచ్చి ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. హైదరాబాదులో కాన్సంట్రేటర్లు నెలవారీ అద్దెకు దొరుకుతాయి. మీరు రాకముందే ఎవరైనా ఇంట్లో పెట్టించి ఉంచితే మేలు. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే మరీ మంచిది, పెళ్లి రోజునే కరెంటు పోవాలని ఎక్కడో రాసిపెట్టి ఉంటుంది.

ఫ్రిస్కో_పెద్దకొడుకు

మాస్టారూ, మంచి మాట చెప్పారు, ఆ వోల్టేజీ సంగతి నాకు తట్టనే లేదు. విమానం సంగతి ఎవరికైనా తెలుసా?

నర్సక్క_హ్యూస్టన్

సిలిండర్లు విమానంలోకి తేనివ్వరు. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ప్రమాణాలకు సరిపోయే పోర్టబుల్ కాన్సంట్రేటర్ అయితే తీసుకెళ్లొచ్చు. బ్యాటరీలు ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు నడిచేలా ఉండాలని ఎయిర్‌లైన్ అడగవచ్చు. డాలస్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే మొదటి విమానమే పదిహేను గంటల దాకా ఉంటుంది, అంటే దాని ఒక్కదానికే ఇరవై రెండు గంటలకు పైగా బ్యాటరీలు. సీటు దగ్గర ప్లగ్గు ఉంటుంది కదా అని ధీమా పడొద్దు. డాక్టర్ లెటర్ తీసుకుని, కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పాలి.

మెడికేర్ విమాన ప్రయాణం కోసం ఆక్సిజన్ ఇవ్వదు. నెలనెలా అద్దె తీసుకునే సప్లయర్ కూడా ప్రయాణానికి పోర్టబుల్ మెషీన్ ఇచ్చి తీరాలని లేదు. చాలామంది ఆ కొన్ని వారాలకు వేరే కంపెనీ నుంచి సొంత ఖర్చుతో అద్దెకు తీసుకుంటారు. ముందు అసలు ఎగరొచ్చో లేదో పల్మొనాలజిస్ట్‌ను అడుగు. పైన క్యాబిన్ ప్రెజర్ తక్కువ, ఇక్కడ ఇంట్లో 92 ఉన్న మనిషికి అక్కడ 85 కావచ్చు. నిమోనియా తగ్గిన కొత్తలో అయితే నేను ఒప్పుకోను. పెళ్లి వీడియోలో చూసినా అక్షింతలు పడతాయి.

బే_ఏరియా_బుజ్జి

మా అమ్మది అడ్వాంటేజ్ ప్లాన్. ఇది చదివేవాళ్లలో సగం మంది తల్లిదండ్రులు అందులోనే ఉంటారు కాబట్టి రాస్తున్నా. ఒరిజినల్ మెడికేర్ ఇచ్చే పరికరాలన్నీ వీళ్లూ ఇవ్వాలి, కానీ వాళ్ల నెట్‌వర్క్ సప్లయరే కావాలి, చాలావాటికి ముందస్తు అనుమతి కావాలి. 2026 నుంచి మామూలు రిక్వెస్టుకు ఏడు రోజుల్లో, అర్జెంటుకు 72 గంటల్లో జవాబు చెప్పాలని రూల్ వచ్చింది. "అర్జెంటు" అని డాక్టర్ ఆఫీసు చెబితే ప్లాన్ ఒప్పుకోవాలి, మనం అడిగితే మాత్రం నిర్ణయం ప్లాన్‌దే. ఇందులో ఒక లాభం, మా ప్లాన్‌లో మూడు నెలలకోసారి ఓటీసీ అలవెన్స్ (ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే ఆరోగ్య సామాను కొనుక్కోవడానికి డబ్బు) వస్తుంది, దాంతోనే బాత్రూం కుర్చీ కొన్నాం. ప్లాన్ మార్చుకోవడానికి ప్రధాన గడువు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా. మార్చే ముందు మీ ఆక్సిజన్ కంపెనీ కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూసుకోండి.

అడ్వాంటేజ్ నుంచి ఒరిజినల్‌కు వెనక్కి రావచ్చు కానీ మెడిగ్యాప్ దొరకడం కష్టం. పార్ట్ బి మొదలైన తొలి ఆరు నెలల్లో మాత్రమే జబ్బులు చూడకుండా ఇస్తారు. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం అడిగి కాదనొచ్చు.

అతిథి_2201

జీవితంలో ఒక్క రోజు ఇక్కడ పనిచేయని వాళ్లకు మా ట్యాక్స్ డబ్బుతో మెషీన్లా? బాగుంది. [మిగతా భాగం తొలగించబడింది: మోడరేటర్]

బిల్లింగ్_బాబాయ్

అతిథి గారూ, ఊరికే రాదండీ. ఇక్కడ 40 క్వార్టర్లు (సుమారు పదేళ్లు) పనిచేయని వాళ్లకు, భార్యాభర్తల్లో ఎవరికీ ఆ లెక్క లేకపోతే, పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చుల భాగం) కావాలంటే 2026లో నెలకు 565 డాలర్ల దాకా కట్టాలి. పిల్లలు ఎన్నేళ్లు పనిచేసినా అది తల్లిదండ్రుల ఖాతాలోకి రాదు. పార్ట్ బి నెలకు 202 డాలర్ల 90 సెంట్లు. పార్ట్ ఎ భారమనుకుంటే పార్ట్ బి ఒక్కటీ తీసుకోవచ్చు, ఇంట్లో పరికరాలకు అదే చాలు. పైగా ఐదేళ్లు నిండిన సమయంలో చేరకుండా ఊరుకుంటే, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ పార్ట్ బి ప్రీమియం పది శాతం పెరుగుతుంది, ఆ పెనాల్టీ పార్ట్ బి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్లకు ఇదేదీ వర్తించదు.

మోడరేటర్

ఆ వాదన ఇక్కడితో ఆపుదాం. పరికరాల సంగతే మాట్లాడండి.

ఎడిసన్_కోడలు

సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్‌తో గాలి ఊదే మెషీన్) గురించి అడిగే వాళ్లుంటారని ముందే రాస్తున్నా. మా నాన్నగారికి గురక, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. స్లీప్ టెస్ట్ అయ్యాక మెడికేర్ మొదట పన్నెండు వారాలు ట్రయల్ ఇస్తుంది. ఆ మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తగ్గకుండా పెట్టుకోవాలి. అంటే 21 రాత్రులు. మెషీన్ తనే లెక్కపెట్టి కంపెనీకి పంపుతుంది. 31వ రోజు తర్వాత, 91వ రోజు లోపల డాక్టర్‌ను చూసి, ఉపయోగం ఉందని రాయించుకోవాలి. అప్పుడే మిగతా అద్దె, 13 నెలలకు మెషీన్ సొంతం.

నాన్నగారు మొదటి వారం రాత్రి పదకొండుకు పెట్టుకుని ఒంటిగంటకు తీసి పక్కన పెట్టేవారు, "ఏనుగు తొండంలా ఉంది" అని. ముక్కు మీద ఆనే చిన్న మాస్క్‌కు మార్పించాక సర్దుకున్నారు. మాస్క్ నచ్చకపోతే వెంటనే సప్లయర్‌కు చెప్పండి, ట్రయల్ గడువు మీకోసం ఆగదు. ట్రయల్ మధ్యలో ఇండియా టికెట్లు మాత్రం పెట్టుకోకండి.

కృష్ణాతీరం_అట్లాంటా

మా మామగారికి నిన్న ఒక ఫోన్ వచ్చింది. మోకాలి బెల్టు ఫ్రీగా పంపుతాం, మెడికేర్ నంబర్ చెప్పండి అన్నారట. ఇది నిజమా?

బిల్లింగ్_బాబాయ్

పెట్టేయమనండి ఫోన్. మెడికేర్ ఎవరికీ ఫోన్ చేసి బెల్టులు పంచదు. 2019 ఏప్రిల్‌లో ఇలాంటి బెల్టుల మోసం మీద ఫెడరల్ ప్రభుత్వం 24 మందిపై కేసులు పెట్టింది, నష్టం 120 కోట్ల డాలర్లకు పైనే అన్నారు. 2025 జూన్‌లో బయటపడింది ఇంకా పెద్దది. దొంగిలించిన మెడికేర్ నంబర్లతో మూత్రం గొట్టాలు, ఇతర పరికరాలకు 1,060 కోట్ల డాలర్ల బిల్లులు పెట్టారు. ఎవరి పేరు మీద పెట్టారో వాళ్లలో చాలామందికి ఆ గొట్టం ఎలా ఉంటుందో కూడా తెలియదు.

దీనివల్ల మనకు నేరుగా ఒక దెబ్బ ఉంది. మీ నంబర్ మీద ఎవడో బెల్టుకు బిల్లు పెట్టేస్తే, రేపు నిజంగా కావలసి వచ్చినప్పుడు "ఈమధ్యే ఇచ్చాం, ఇప్పట్లో ఇంకోటి లేదు" అంటారు. అందుకే మెడికేర్ నుంచి వచ్చే సమ్మరీ నోటీసును పక్కన పడేయకండి. "ఇది బిల్లు కాదు" అని పైన రాసి ఉంటుందని మనవాళ్లు విప్పను కూడా విప్పరు. తెలియని కంపెనీ పేరు కనిపిస్తే అదే రోజు మెడికేర్‌కు ఫోన్ చేయండి. మామగారు నంబర్ చెప్పేసి ఉంటే ఇప్పుడే చేయండి, కొత్త నంబర్ ఇస్తారు.

ఫ్రిస్కో_పెద్దకొడుకు

అప్‌డేట్. నిన్న నడిపించారు. కూర్చుంటే 90, నడిస్తే 84, నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టి నడిపిస్తే 93. మూడూ రాశారు, నేను పక్కనే నిలబడి చూశాను. మొదట చెప్పిన కంపెనీ అసైన్‌మెంట్ మాట అడగ్గానే నీళ్లు నమిలింది. కేస్ మేనేజర్ వేరేది చూసింది. ఈ మధ్యాహ్నం పెద్ద మెషీన్ హాల్లో దిగింది. తెచ్చిన కుర్రాడు నేలంతా పరుచుకునే పొడుగాటి ట్యూబు ఇచ్చి, అమ్మకు అలారం శబ్దం వినిపించి మరీ వెళ్లాడు. దేవుడి గది నుంచి దూరంగానే పెట్టాం అక్కా. మా ఇంటికి కింద టాయిలెట్ ఉంది, కాబట్టి కమోడ్ ఆశ వదులుకున్నాం. వాకర్ ఆర్డర్ రాశారు. బయటికి వెళ్లడానికి కుర్చీ మేమే కొంటున్నాం. పెళ్లి సంగతి నవంబరులో డాక్టర్‌ను చూశాక తేలుస్తాం, ఆయన మాత్రం పంచెలు ఇస్త్రీ చేయించమంటున్నారు.

ఇంకో రెండు సందేహాలు. మెడికేర్‌కు నేను ఫోన్ చేస్తే నాన్నగారినే మాట్లాడమంటున్నారు, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. రెండోది, ఈ మెషీన్ రాత్రింబవళ్లు నడుస్తుంది. తుఫానుకో మంచుకో కరెంటు పోతే?

బే_ఏరియా_బుజ్జి

మొదటిదానికి: మీతో మాట్లాడొచ్చని నాన్నగారు సంతకం పెట్టే ఆథరైజేషన్ ఫారం ఉంది, మెడికేర్‌కు పంపేయండి. అది చేరేదాకా ఆయన్ని లైన్లో పెట్టి ఇంటర్‌ప్రెటర్ కావాలనండి, దానికి డబ్బు తీసుకోరు. టెక్సాస్‌లో హైక్యాప్ అనే ఉచిత కౌన్సెలింగ్ కూడా ఉంది. వాళ్లు ఏ ప్లానూ అమ్మరు కాబట్టి ధైర్యంగా అడగొచ్చు.

నర్సక్క_హ్యూస్టన్

రెండోదానికి: సప్లయర్‌ను బ్యాకప్ సిలిండర్ అడుగు. అది ఎన్ని గంటలు వస్తుందో రెండు లీటర్ల లెక్కన వాళ్లతోనే రాయించి మెషీన్ మీద అంటించు. కరెంటు బిల్లు మెడికేర్ కట్టదు. టెక్సాస్‌లో "క్రిటికల్ కేర్ లేదా క్రానిక్ కండిషన్" కస్టమర్‌గా నమోదు చేసుకునే ఫారం ఉంటుంది, అందులో ఒక భాగం డాక్టర్ నింపాలి. దాంతో కరెంటు పోదని హామీ ఏమీ లేదు, కానీ బిల్లు ఆలస్యమైతే కనెక్షన్ తీసేముందు వాళ్లు పాటించాల్సిన నోటీసు పద్ధతి వేరే ఉంటుంది. సోమవారం డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసేటప్పుడు ఈ ఫారం కూడా ఫ్యాక్స్ చేసెయ్. ఫిల్టర్ ఎలా కడగాలో ఆ కుర్రాడు చూపించాడా?

ఫ్రిస్కో_పెద్దకొడుకు

చూపించలేదక్కా. వారానికోసారి అన్నాడంతే.

నర్సక్క_హ్యూస్టన్

వెనకవైపు నల్లటి స్పాంజి ఉంటే అదే. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు వేసి కడిగి, పిండి, పూర్తిగా ఆరాకే పెట్టండి. తడిగా పెడితే మెషీన్ పాడవుతుంది. స్పాంజి కనిపించకపోతే నువ్వు విప్పకు, కంపెనీకి ఫోన్ చెయ్.